ఎవరి చేతి మందు

సుద్దబావి, చిట్యాల పోస్టు
మాఘం, శివరాత్రి ముందటి ఆదివారం, 1949

మా డాక్టరు తమ్ముడికి,

ఈ ఉత్తరం పోస్టులో రావడం లేదు. నా కోడలు యాదమ్మ సద్దిమూటలో దాచుకుని తెస్తోంది కాబట్టి సాఫుగానే రాస్తున్నాను. దాని పక్కన నిలబడ్డ గడ్డపాయన నీ మేనల్లుడు భిక్షమే. ఎవరో బిచ్చగాడనుకుని వెళ్ళగొట్టేవు. దళంతో గుట్టలు పట్టుకు తిరిగి వాడి రూపం అట్లా అయింది. మిలిటరీవాళ్ళు గుట్టను చుట్టుముట్టినప్పుడు తొడలో తుపాకి గుండు దిగింది. గుండును ఎవరో తీశారట గానీ పుండు మానలేదు. చీము కారుతోంది. నల్లగొండ తీసుకుపోతే మంచం మీది నుంచే క్యాంపుకు లాక్కుపోతారు. అందుకని నీ దగ్గరికి, అంత దూరం పాలమూరుకు పంపుతున్నాను.

నిజాం పోయాక ఇంకా ఎవరి మీద కొట్లాట అని నువ్వు వాడిని అడుగుతావు. అడగకు. నేను అడిగి అలసిపోయాను. "నిజాం పోయిండు గని దొర మల్ల గడీలకు వచ్చి కూసున్నడు గద అమ్మా" అంటాడు. 

రజాకార్లు మీ బావను కాల్చిన నాటి నుంచి నాకు వాడొక్కడే. వాడికి ముందు ఇద్దరు పురిట్లోనే పోతే, వీడైనా నిలవాలని ఇల్లిల్లూ తిరిగి చాటలో బిచ్చమెత్తి ఆ పేరు పెట్టుకున్నాను. నీకు తెలియనిది కాదు.

యాదమ్మ నువ్వు కుదిర్చిన సంబంధమే కదా, దాని వంట నాలుగు రోజులు నువ్వూ తిను. కూరలో ఉప్పు వేయడం ఇప్పటికీ చేతకాదు. అయినా నా కొడుకు దాని కొంగు వదలడు. ముల్లు గుచ్చుకున్నా నాతో చెప్పుకునేవాడు, ఇప్పుడు దానితో చెప్పుకుంటాడు. "మా వానికి ఏం మందు పెట్టినవే" అని నవ్వులాటకు అంటే మూతి ముడుచుకుంటుంది తప్ప తిరిగి ఒక్క మాట అనదు. కోడలన్నాక కాస్త నోరుండాలి. దీనికి అదీ లేదు.

పోస్టులో రాసేటప్పుడు "ఎద్దు పొడిచింది" అని రాయి. క్యాంపువాళ్ళు పోస్టు సంచి విప్పి చూస్తున్నారట. ఒక్క మాట. ఏది జరిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పు. బాపు పోయిన రోజు "కొంచెం నలతగా ఉంది, బయలుదేరి రా" అని రాశావు. నేను వచ్చేసరికి వాకిట్లో పాడె కడుతున్నారు. ఆ బుద్ధి మళ్ళీ చూపించకు.

మీ అక్క
సుగుణమ్మ


పాలమూరు
మార్చి 8, 1949

అక్కకు నమస్కారాలు.

ఎద్దు పొడిచిన గాయం బాగా మానుతోంది. ఫికర్ పెట్టుకోకు.

నిజం చెప్పాలంటే, చూసిన రోజు నాకూ ఆశ లేదు. కాలు తీసేయాల్సి వస్తుందేమో అనుకున్నాను. అయితే పెనిసిలిన్ అని కొత్త మందు ఒకటి వచ్చింది. పెద్ద యుద్ధంలో సిపాయిలను బతికించింది అదే. మనలాంటివాళ్ళకు అంత సులువుగా దొరకదు. నాకు ఎట్లా దొరికిందని అడగకు. పొడిని నీళ్ళలో కలిపి సూదితో ఒంట్లోకి ఎక్కించాలి. ఇంట్లోనే, నా చేతులతోనే వేశాను. రోజు రోజుకూ పుండు ఆరుతుంటే చూడాలి అక్కా! హైదరాబాదులో ఉర్దూలో వల్లెవేసిన చదువంతా ఇందుకే పనికొచ్చింది అనిపించింది. అంత సంతోషం నాకు పట్టా చేతికి వచ్చిన రోజున కూడా లేదు.

సూదులు అయిపోయాక ఒళ్ళంతా దద్దులు లేచాయి. యాదమ్మ గాబరా పడి "గిది సూదితోని కాదు గద మామా?" అంది. వేడి చేసిందిలే, మజ్జిగ తాగించు అన్నాను. తగ్గిపోయాయి.

నీ కోడలి వంట తిన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది. బాపు ఉన్నప్పటి నుంచీ ఉప్పు ఎక్కువ తినేది నువ్వే. ఆ పిల్ల నోరు లేనిదంటావు గానీ, భిక్షం మూలిగితే నాకంటే ముందు లేచి కూర్చునేది. వాడిని ఇక్కడ ఎక్కువ రోజులు ఉంచడం మంచిది కాదు. యాదమ్మ తండ్రి బాలయ్య వచ్చాడు. జడ్చర్ల పక్కన వాళ్ళ ఊళ్ళో కొన్నాళ్ళు ఉంచి, పూర్తిగా నయమయ్యాక నీ దగ్గరికి పంపుతాడు.

నీ తమ్ముడు
రఘుపతి


పాలమూరు
ఏప్రిల్ 19, 1949

అక్కా,

క్షేమమని రాయలేని ఉత్తరం ఇది. గుండె దిటవు చేసుకో. మన భిక్షం మనకు లేడు.

గాయం తిరగబెట్టి జ్వరం వస్తే జడ్చర్ల నుంచి నా దగ్గరికి తీసుకొచ్చారు. చేయవలసిందంతా జరిగింది. కానీ మందు వికటించింది. ప్రాణం నిలపాలని ఇచ్చిందే ఒక్కోసారి ప్రాణం తీస్తుంది. ఎవరి చేతి మీదుగా ఏది జరగాలని రాసి ఉంటే అది జరిగి తీరుతుంది. ఎవరిని అని ఏం లాభం? విధి బలీయం. మన ఇంటి మీద దాని కన్ను పడింది.

నిన్ను పిలిపించుకునే వ్యవధి లేకపోయింది. రోజులు ఎట్లాంటివో నీకు తెలుసు. ఇక్కడే మట్టి చేశాం. కడసారి నీకు ముఖం చూపలేకపోయాను.

బాలయ్య యాదమ్మను తెచ్చి నీ దగ్గర దిగబెడతాడు. ఆ పిల్లకు మాట రావడం లేదు. ఏమీ అడగకు. భగవంతుడు నీకు ధైర్యం ఇవ్వాలి.

రఘుపతి


సుద్దబావి
వైశాఖం, 1949

రఘుపతీ,

నీ ఉత్తరం నలిగి అక్షరాలు చెరిగిపోయేదాకా చదివాను. అందులో విధి ఉంది, రాత ఉంది, భగవంతుడు ఉన్నాడు. నా కొడుకు ఎట్లా పోయాడన్నది మాత్రం లేదు. నొప్పి పడ్డాడా? దాహమన్నాడా? నన్ను తలిచాడా? కన్నతల్లికి చెప్పవలసినవి ఇవి కదా. వాడిని పెట్టిన జాగా ఎక్కడో కూడా రాయలేదు. నేను ఏ దిక్కు తిరిగి ఏడవాలి?

మందు వికటించింది అన్నావు. ఏ మందు? ఎవరిచ్చిన మందు?

ఎందుకు అడుగుతున్నానో విను. యాదమ్మ వచ్చిన నాటి నుంచి గోడకు ఆనుకుని కూర్చుంది. కుండలో అన్నం కుండలోనే ఉంటోంది. ఏమైందే, ఏం జరిగిందే అని భుజాలు పట్టుకుని ఊపితే ఒక్కటే మాట. "మందు నేనే అడిగిన అత్తా. నేనే ఇప్పించిన." పక్కింటి బిక్షమ్మ అప్పుడు ఇంట్లోనే ఉంది. ఆమె నా ముఖం చూసింది, నేను ఆమె ముఖం చూశాను.  పొద్దు వాలేసరికి ఊరంతా ఒకటే మాట. "మొగడు తిరుగుడు ఇడిచిపెట్టి ఇంటి పట్టున ఉండాల్నని ఆకుమందు పెట్టిందట. గది ఎక్కువై పాణం తీసిందట."

నేను నమ్మలేదు. నమ్మకూడదనే అనుకుంటున్నాను. అది నోరు లేని పిల్ల గానీ చెడ్డది కాదు అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. కానీ అది చెప్పేదీ మందే, నువ్వు రాసిందీ మందే. ఎవరి చేతి మీదుగానో అని రాసింది నువ్వే. ఎవరి చేయి తమ్ముడూ? నాకు విధి గురించి వద్దు. రెండు ముక్కలు చాలు. యాదమ్మ చేయా, కాదా?

సుగుణమ్మ


పాలమూరు
మే 27, 1949

అక్కకు,

నీ ఉత్తరం చేరింది. కవరు ఒకసారి విప్పి మళ్ళీ అంటించినట్టు కనిపించింది. కనుక నువ్వు అడిగినవాటన్నిటికీ జవాబు రాయలేను. నేను సర్కారు కొలువులో ఉన్నవాణ్ణి. వానలు పడేలోపు నేనే వచ్చి కూర్చుని మాట్లాడతాను.

ఒక్కటి మాత్రం చెప్పగలను. భిక్షం ఎక్కువ బాధ పడలేదు. మందుల సంగతి చాలా లోతైనది. పెద్ద పెద్ద చదువులవాళ్ళకే అంతుబట్టని విషయాలు అందులో ఉన్నాయి. అటువంటిదాన్ని ఊరివాళ్ళు రచ్చబండ మీద తేల్చేస్తే ఎట్లా?

యాదమ్మ మందు అడిగిన మాట నిజమే. మొగుడు బతకాలన్న ఆరాటంతో అడిగింది. చిన్నపిల్ల, లోకం తెలియనిది. జరిగిందేదో జరిగిపోయింది. ఆమెను క్షమించి నీ దగ్గరే పెట్టుకో. నీకూ తోడుంటుంది. వాళ్ళూ వీళ్ళూ అనేవాటిని చెవిన వేసుకోకు.

ఆరోగ్యం జాగ్రత్త.

రఘుపతి


సుద్దబావి
జ్యేష్ఠం, తొలకరి పడిన వారం

తమ్ముడికి,

నీ మంచితనంతో కప్పిపెట్టాలని చూశావు గానీ కప్పితే దాగలేదు. తప్పు చేయనివాళ్ళను ఎవరూ క్షమించమనరు. నేను అక్షరం ముక్క రానిదాన్ని కాదు. నీతో పాటు ఒకే పలక మీద దిద్దుకున్నదాన్ని. నువ్వు రాయలేక రాసింది నాకు అర్థమైంది.

బాలయ్యకు కబురు పెట్టాను. కులపెద్దలు వచ్చి మన వాకిట్లోనే కూర్చున్నారు. పెద్దమనిషి గుర్వయ్య నెమ్మదిగానే అడిగాడు.

"బిడ్డా, భయపడకు. నువ్వు మందు అడిగినవా?"

"అడిగిన."

"నీ పెనిమిటికి ఇచ్చినవా?"

"ఇప్పించిన."

"ఎవరితోని ఇప్పించినవ్? ఎవరు చేసిచ్చిండ్రు గా మందు?"

దానికి మాత్రం నోరు తెరవలేదు. ఎన్నిసార్లు అడిగినా నేలను చూస్తూ నిలబడింది. వాళ్ళ నాయిన బతిమాలాడు. పెద్దలు "నువ్వన్న చెప్పు బాలయ్యా" అంటే, "నేను ఆ పొద్దు ఆడ లేను, నాకు తెల్వదు" అని ఏడ్చాడు. మంత్రగాడి పేరు చెబితే వాడు ఇంకేం చేస్తాడో అని భయపడుతోందన్నారు పెద్దలు. ఇక ఎవరికీ అనుమానం లేకుండా పోయింది.

దాని బట్టలు మూట కట్టి వాకిట్లో పెట్టాను. గడప దాటబోతూ ఆగి, "మామ ఉత్తరం రాసిండా అత్తా?" అంది. "రాసిండు. మందు నువ్వే అడిగినవని రాసిండు" అన్నాను. తల వంచుకుంది. బండి మలుపు తిరిగేదాకా చూశాను. తల మళ్ళీ ఎత్తలేదు.

నాకు దాని మీద జాలి కలగలేదు రఘుపతీ. కలగనందుకు నాకు సిగ్గు కూడా లేదు. కొడుకు పోయిన ఇంట్లో కొడుకును చంపినదానికి అన్నం పెట్టలేను. నువ్వు వానలలోపు వస్తానన్నావు. రాలేదు. వచ్చినా ఇప్పుడు తీర్చవలసిన పంచాయితీ ఏమీ మిగలలేదు.

సుగుణమ్మ


పాలమూరు
డిసెంబరు 4, 1949

అక్కా,

నీ ఉత్తరం వచ్చాక వానాకాలం అంతా పోయింది. రాయడం, చించడం. ఈసారి చించను. కవరు విప్పేవాళ్ళు విప్పుకోనీ.

భిక్షానికి మందు ఇచ్చింది నేను. యాదమ్మ కాదు. ఆకుమందు లేదు, మంత్రగాడు లేడు. నా ఇంట్లో, నా చేత్తో, నేను వేసిన సూది మందుతో వాడు చనిపోయాడు.

మొదటిసారి వాడిని లేపి కూర్చోబెట్టిన మందే అది. తిరగబెట్టిన గాయంతో వాడిని తెచ్చినప్పుడు మధ్యాహ్నం. యాదమ్మ నా కాళ్ళ దగ్గర కూర్చుని "గా సూదే ఏయి మామా. గా సూదితోనే లేచి కూసున్నడు" అని బతిమాలింది. ఆమె బతిమాలకపోయినా నేను అదే వేసేవాణ్ణి. వేరే ఆలోచన నాకు లేనే లేదు. అప్పటికే సీసా నా చేతిలో ఉంది. ఆమె అడిగిందని నీకు రాశాను గానీ ఈ మాట రాయలేదు.

సూది తీసి దూది అదుముతుండగానే భిక్షం "మామా, ఒళ్ళంత మండుతాంది" అన్నాడు. చూస్తుండగా ముఖం వాచింది, పెదవులు నల్లబడ్డాయి, గొంతు మూసుకుపోయింది. ఊపిరి అందక మంచం పట్టె పట్టుకుని పెనుగులాడాడు. ఎక్కువ బాధ పడలేదని రాశాను. అది అబద్ధం. అమ్మా అన్నాడు. అది నిన్నేనో, నొప్పికి అనే అమ్మో నాకు తెలియదు.

కొందరి ఒంటికి ఈ మందు రెండోసారి విషమవుతుందట. అప్పుడు నాకు తెలియదు. ఆ తర్వాత డాక్టర్ల పత్రికలో చదివాను. మొదటిసారి లేచిన దద్దులే దానికి గుర్తు. యాదమ్మ చూపించింది. నేను మజ్జిగ తాగించమన్నాను.

ఇంకొకటి ఉంది. ఊపిరి ఆడనివాళ్ళకు వేసే సూది ఒకటి దవాఖానలో ఉంది. మా ఇంటికి దవాఖాన దగ్గరే. తేవాలని గుమ్మం దాకా పరుగెత్తాను. ఎవరి కోసమని అడుగుతారు. దళంవాడు నా ఇంట్లో ఉన్నాడని తెలుస్తుంది. ఒంట్లో ఎక్కించిన మందు క్యాంపు డాక్టరు దగ్గర వేరే పేరు చెప్పి తెచ్చానని తెలుస్తుంది. గుమ్మం దగ్గర ఆగిపోయాను. తెస్తే బతికేవాడేమో, బతికేవాడు కాదేమో. చెప్పలేను. ఆగాను అన్నది మాత్రం నిజం. వెనక్కి తిరిగేసరికి యాదమ్మ నన్నే చూస్తోంది.

మట్టి చేసి వచ్చాక ఆ పిల్ల చేత ఒట్టు వేయించుకున్నాను. నా పేరు ఎక్కడా బయటపెట్టవద్దు, పెడితే నేను జైలుకు పోతాను, నీ తండ్రీ పోతాడు అన్నాను. పెద్దమనుషుల ముందు ఎందుకు నోరు తెరవలేదో ఇప్పుడు నీకు తెలుస్తుంది.

నేను మొదట భయపడింది జైలుకే. తర్వాత ఆ భయం కూడా పోయింది. దళంవాళ్ళను దాచిన వాళ్ళెందరినో వదిలేశారు, నన్నూ వదిలేసేవాళ్ళు. ఆ తర్వాత నీకు భయపడ్డాను. నీ ఎదుట "నా మందు, నా చేయి" అనడానికి నోరు రాక విధి, రాత, లోతైన సంగతులు అని నీళ్ళు నమిలాను.

జాగా అడిగావు. ఊరి బయట రైలు కట్ట అవతల, వేపచెట్టు పక్కన. గుర్తుకు రాయి పెట్టాను. పేరు చెక్కించలేదు.

యాదమ్మను తెచ్చుకో అక్కా. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు.

రఘుపతి


సుద్దబావి
పుష్యం, 1950

డాక్టరు గారికి,

పేరు పెట్టి పిలవడానికి నోరు రావడం లేదు. అందుకని ఇట్లా రాశాను.

మీ ఉత్తరం వచ్చిన రోజున గుర్వయ్యను, బిక్షమ్మను, వాకిట్లో కూర్చున్న ప్రతి ఒక్కరినీ పిలిచి చదివి వినిపించాను. మందు మా తమ్ముడిది, చేయి మా తమ్ముడిది, ఆ పిల్లకు ఏ పాపమూ తెలియదు అన్నాను. వాళ్ళు ఏమన్నారో తెలుసా? "నీ తమ్ముడు దేవుడసొంటోడు సుగుణమ్మా. ఆడపిల్ల బతుకు ఆగం కావొద్దని తప్పు తన మీద ఏసుకున్నడు." నాకు ఏడుపు రాలేదు. నవ్వు వచ్చింది. నిజం ఎనిమిది నెలలు ఆలస్యమైతే దానికి ఆ గౌరవమే దక్కుతుంది.

తర్వాత బండి కట్టించుకుని జడ్చర్ల పోయాను. యాదమ్మ అక్కడ లేదు. దానికి మారుమనువు చేశారు. ఏడాదైనా తిరగలేదు కదా బాలయ్యా అంటే, ఆయన నా ముఖం చూడకుండా మాట్లాడాడు. "మందు పెట్టినదాన్ని బాయి కాడికి రానియ్యలే వదినా మా ఊర్ల. నా ఇంట్ల నీళ్ళు తాగనీకి ఎవ్వడు వస్తలేడు. నారాయణపేటల ఒకాయన, పెండ్లాం సచ్చిపోయి చిన్న ఆడపిల్ల ఉంది, అడిగిండు, ఇచ్చినం. మొదటాయన జొరంతోని పోయిండని చెప్పినం. గంతే తెలుసు ఆళ్ళకు. నీ దండం పెడ్త, మల్ల లేపకు."

నేను ఉత్తరం చూపించాను. ఆయన చదవలేడు. చదివి వినిపించాను.  "అయితే నా బిడ్డ ఏం జెయ్యలేదన్నట్టు" అన్నాడు. కన్నతండ్రి కూడా అప్పటిదాకా అనుమానంతోనే ఉన్నాడు.

యాదమ్మ తల్లి నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ఆ పిల్ల నిద్రలో కూడా అదే అనేదట. నేను అడగకపోతే మామ ఏయకపోవు, నేను అడగబట్టి సచ్చిపోయిండు అని. అది మన వాకిట్లో "అడిగిన, ఇప్పించిన" అన్నది ఎవరినో కాపాడడానికి మాత్రమే కాదు. అది నిజమని నమ్మింది. నేనే చంపానని నమ్ముకుని ఈ గడప దాటి పోయింది. మామ రాశాడా అని అడిగింది అందుకే. మామ రాశాడు, నువ్వే అడిగావని రాశాడు అని నేను చెప్పాను. అంటే దానికి తీర్పు నీ నోటి నుంచే వచ్చినట్టు.

నువ్వు నాకు పేజీలు పేజీలు రాశావు. గుమ్మం దాకా పోయి ఆగావని రాశావు. చదివి గుండె పగిలింది గానీ, చెప్పావు, అంతవరకు మెచ్చుకుంటాను. కానీ చచ్చింది దాని మొగుడు. ఎందుకు చచ్చాడో దానికి ఎవరు చెప్పారు? నువ్వు ఒట్టు వేయించుకున్నావే తప్ప, ఇది నా మందు వల్ల జరిగింది బిడ్డా అన్నావా? దద్దుల సంగతి చెప్పావా? నువ్వు అడగకపోయినా వేసేవాణ్ణి అన్న ఒక్క మాట, నాకు కాదు, దానికి చెప్పాలి. ఆ ఒక్క మాట కోసం అది ఇంకా లోపల లోపల చస్తోంది.

నేను పోలేను. ఏ ముఖం పెట్టుకుని పోను? దాని మూట వాకిట్లో పెట్టిన చేతులు ఇవి. ఉత్తరం పంపితే ఆ ఇంట్లో వేరేవాళ్ళు చదువుతారు. నువ్వే పో. పక్కకు పిలిచి నోటితో చెప్పు. చెప్పాక నాకు రాయి. అప్పటిదాకా నాకు తమ్ముడు లేడు.

సుగుణమ్మ


నారాయణపేట
ఫిబ్రవరి 11, 1950

అక్కా,

సత్రంలో కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడే ఆ ఇంటి నుంచి వచ్చాను. ఏదీ చక్కదిద్దకుండా రాస్తాను.

ఆయన పేరు సోమన్న. బజారులో చిన్న కిరాణం, దుకాణం వెనకే ఇల్లు. మంచి మనిషి. మీ ఇంటామె తల్లిగారి దిక్కువాణ్ణి, డాక్టరును, ఇటు పని మీద వచ్చాను అంటే గల్లా పెట్టె వదిలి లేచి నిలబడ్డాడు. లోపలికి తీసుకుపోయి మంచం వాల్చాడు. యాదమ్మ పొయ్యి దగ్గర ఉంది. నన్ను చూసి లేచింది. ఆమె ముఖంలో భయం తప్ప మరొకటి కనిపించలేదు. "మా తల్లిగారి దిక్కు డాక్టరు సాబు" అని మొగుడికి తనే చెప్పింది. మామ అనలేదు.

సోమన్న కూతురికి ఐదారేళ్ళుంటాయి. దగ్గుతోంది. ఆయన సంబరంగా "దేవుడు పంపినట్టు వచ్చిండ్రు డాక్టర్ సాబ్. జర మా బిడ్డను చూడుండ్రి. గా కొత్త సూదేదో వచ్చిందంట గద, గదేమన్న ఏస్తరా?" అన్నాడు. నేను చేయి చాచకముందే యాదమ్మ ఆ పిల్లను తన వెనక్కి లాక్కుంది. "వద్దు" అంది. నేను ఇన్నాళ్ళలో ఆమె గొంతు అంత గట్టిగా వినలేదు. సోమన్న తెల్లబోయి, "సూదంటే భయం మా దానికి" అని నవ్వాడు. అది మామూలు దగ్గు, సూది అక్కరలేదు, తులసాకు రసం చాలు అన్నాను. అది నిజమే.

దుకాణానికి బేరం వస్తే సోమన్న ముందుకు పోయాడు. నేను వెళ్ళడానికి లేచినట్టు లేచి వాకిట్లోకి వచ్చాను. యాదమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. పిల్ల ఆమె కొంగు పట్టుకుని ఉంది. ఇదే సమయం అనుకున్నాను. నెలల తరబడి నోట్లో తిప్పుకున్న మాట.

"యాదమ్మా, ఆ రోజు నువ్వు అడగకపోయినా..." అన్నాను.

ఆమె దుకాణం వైపు చూసింది. ఒక్క అడుగు దగ్గరికి వచ్చి మెల్లగా అంది.

"ఇప్పుడు చెప్పకు మామా. గీ ఇంట్ల ఎవ్వలకు తెల్వదు. గీ పిల్ల నన్ను అమ్మా అంటాంది. చెప్పకుంట ఉండుడు నీకు అలవాటే గద."

కోపంగా అనలేదు అక్కా. బతిమాలుతున్నట్టు అంది. ఆ రోజు సూది కోసం బతిమాలిన గొంతే.

నాలుగు మాటలే మిగిలాయి. నేను వేసేవాణ్ణి, తప్పు నాది. మెల్లగా అంటే పిల్లకు కూడా వినిపించేది కాదు. నోరు తెరిచాను. దుకాణంలోంచి సోమన్న "డాక్టర్ సాబ్, ఛాయ్ తాగి పోవాలె" అని కేక వేశాడు. యాదమ్మ నా చేతిలోంచి చెంబు తీసుకుని పిల్లతో సహా లోపలికి పోయింది.

ఛాయ్ తాగి వచ్చాను. నేను చెప్పలేదు.

రఘుపతి